ఆఫ్‌సైడ్ గీత: 1863 నుంచి వీడియో రెఫరీ దాకా

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు, ఒప్పందాలే గుర్తొస్తాయి. కానీ మా పదో తరగతి చరిత్ర పుస్తకంలో ఆటల చరిత్ర మీద కూడా ఒక పాఠం ఉంది. ఆ పాఠం చెప్పేటప్పుడు మా చరిత్ర టీచర్ ఒక మాట అన్నారు. "ఏ నియమమూ ఊరికే పుట్టదు. నియమం ఎప్పుడు వచ్చిందో చూడండి, దానికి ముందు ఏ గొడవ జరిగిందో తెలిసిపోతుంది" అని.

ఆ మాట పట్టుకుని నేను ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ నియమం చరిత్ర చదివాను. సోలాపూర్‌లో క్రికెట్ ఆడేవాళ్ళే ఎక్కువ, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం తక్కువ. ఆ తక్కువ మందిలో కూడా ఆఫ్‌సైడ్ అంటే సరిగ్గా చెప్పగలిగేవాళ్ళు ఇంకా తక్కువ. టీవీలో మ్యాచ్ చూస్తుంటే గోల్ పడుతుంది, అందరూ ఎగురుతారు, తర్వాత రెఫరీ చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు, రెండు నిమిషాలకి గోల్ లేదంటాడు. ఎందుకు లేదో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. ఈ వ్యాసంలో ఆ "ఎందుకు" అనేదానికి జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. నూట అరవై ఏళ్ళ కథ ఇది.

అసలు ఆఫ్‌సైడ్ అంటే ఏంటి?

ముందు ఇప్పటి నియమం చూద్దాం. ఫుట్‌బాల్ నియమావళిలో ఇది 11వ నియమం. మన జట్టువాడు బంతిని తన్నిన క్షణంలో మనం ఎక్కడ ఉన్నామన్నదే ఇందులో ముఖ్యం. బంతి మన కాలికి చేరిన క్షణం కాదు, తన్నిన క్షణం. ఆ క్షణంలో మనం అవతలి జట్టు సగంలో ఉండి, బంతి కన్నా ముందు ఉండి, అవతలి జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడి కన్నా కూడా గోల్ వైపు ముందు ఉంటే, మనం ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. మామూలుగా చివరివాడు గోల్ కీపర్ కాబట్టి, రెండోవాడు చివరి డిఫెండర్ అవుతాడు.

ఆ స్థానంలో నిలబడటం మాత్రమే తప్పు కాదు. అక్కడ ఉండి బంతిని తాకినా, గోల్ కీపర్‌కి అడ్డం నిలబడినా, ఇంకో రకంగా ఆటలో కలగజేసుకున్నా తప్పు. గోల్ కిక్, త్రో, కార్నర్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఈ నియమం లేదు.

చిన్నప్పుడు మా వీధిలో ఆడుకునేటప్పుడు ఒకడు ఎప్పుడూ గోల్ దగ్గరే కాపు కాసేవాడు. పరిగెత్తడు, వెనక్కి రాడు, బంతి దొరికితే లోపలికి తోసేస్తాడు. అలాంటివాడితో ఆడాలంటే అందరికీ కోపం వస్తుంది కదా. సరిగ్గా ఆ కోపంలోంచే ఈ నియమం పుట్టింది.

1863: బంతికి ముందు ఉంటే తప్పే

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పెద్ద స్కూళ్ళలో ఫుట్‌బాల్ ఆడేవారు. కానీ ఒక్కో స్కూలుది ఒక్కో పద్ధతి. ఈటన్ స్కూలులో బంతికి ముందు వెళ్ళి కాపు కాయడాన్ని "స్నీకింగ్" అనేవారు. అంటే దొంగచాటుగా పోవడం. ఆ పేరులోనే వాళ్ళ అభిప్రాయం ఉంది. అది తెలివి కాదు, పౌరుషం లేని పని అని. ఆఫ్‌సైడ్ అనే మాట కూడా అలాగే వచ్చింది. సైడ్ అంటే జట్టు. బంతికి ముందు ఉన్నవాడు తన జట్టు నుంచి తెగిపోయినవాడు, ఆటలో లేనివాడు.

ఈ స్కూళ్ళలో చదివినవాళ్ళు పెద్దయ్యాక కలిసి ఆడదామంటే నియమాలు కుదరలేదు. అందుకని 1863 అక్టోబర్ 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావర్న్‌లో కొన్ని క్లబ్బులవాళ్ళు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్ స్థాపించారు. డిసెంబర్‌లో మొదటి నియమాలు ఖాయం చేశారు. అందులో 6వ నియమం ఆఫ్‌సైడ్. అది చాలా కఠినంగా ఉండేది. తన జట్టువాడు బంతిని తన్నినప్పుడు దానికి ముందు ఉన్న ప్రతివాడూ ఆటలో లేనట్టే. అంటే ముందుకి పాస్ ఇవ్వడం అన్నదే కుదరదు. రగ్బీ ఆటలో ఈ రోజుకీ బంతిని చేత్తో ముందుకి విసరకూడదు. మొదట్లో ఫుట్‌బాల్ కూడా దాదాపు అలాంటిదే అన్నమాట.

అప్పుడు ఆట ఎలా ఉండేదో ఊహించండి. ఒకడు బంతిని కాళ్ళతో నెట్టుకుంటూ పోతాడు. మిగతావాళ్ళు అతని వెనక గుంపుగా పరిగెడతారు. అతని దగ్గర నుంచి బంతి జారిపోతే వెనకవాడు అందుకుంటాడు. ఒక్కడి ఆట, పది మంది పరుగు.

ముగ్గురు అన్న నియమం

మూడేళ్ళకే, 1866లో, దీన్ని మార్చారు. మనకీ గోల్ గీతకీ మధ్య అవతలి జట్టువాళ్ళు కనీసం ముగ్గురు ఉంటే మనం బంతికి ముందు ఉన్నా తప్పు లేదన్నారు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ నా దృష్టిలో ఫుట్‌బాల్ చరిత్రలోనే అతి పెద్ద మార్పు ఇదే. దీనివల్లే ముందుకి పాస్ ఇవ్వడం సాధ్యమైంది.

1872 నవంబర్ 30న గ్లాస్గోలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ జట్లు ఆడిన మ్యాచ్‌ని మొదటి అంతర్జాతీయ మ్యాచ్ అంటారు. 0-0తో ముగిసింది. ఇంగ్లండ్‌వాళ్ళు ఒక్కొక్కరే బంతిని నెట్టుకుంటూ పోయే పద్ధతివాళ్ళు. స్కాట్లాండ్ జట్టులో పదకొండు మందీ క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బువాళ్ళు. ఒకరికొకరు బంతి అందించుకుని ఆడే పద్ధతి స్కాట్లాండ్‌లో బాగా పెరిగింది, తర్వాత అదే అంతటా వ్యాపించింది. నియమం దారి తెరిస్తే ఆట ఆ దారిలో నడిచింది.

నియమాలు ఎవరు మార్చాలన్న ప్రశ్న కూడా వచ్చింది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ సంఘాలు కలిసి 1886లో ఒక బోర్డు పెట్టుకున్నాయి. దాన్ని ఐఎఫ్ఏబీ అంటారు. ఫిఫా 1913లో అందులో చేరింది. ఇప్పటికీ ఆ బోర్డులో ఎనిమిది ఓట్లు ఉంటే ఫిఫాకి నాలుగు, బ్రిటన్‌లోని నాలుగు సంఘాలకి ఒక్కొక్కటి. నియమం మారాలంటే ఆరు ఓట్లు కావాలి. అంటే ప్రపంచమంతా ఆడే ఆటలో సగం ఓట్లు నాలుగు చిన్న దేశాల చేతిలో ఉన్నాయి. ఇండియాకి వేరే ఓటు లేదు, బ్రెజిల్‌కీ లేదు. ఈ సంగతి తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది.

1907లో ఇంకో మార్పు వచ్చింది. మన సొంత సగంలో ఉన్నవాడు ఆఫ్‌సైడ్ కాడని అన్నారు. అంతకుముందు అక్కడ కూడా ఆఫ్‌సైడ్ అయ్యేవాళ్ళు.

1925: ముగ్గురి నుంచి ఇద్దరికి

నియమం ఉంటే దాన్ని వాడుకునే తెలివిగలవాళ్ళు కూడా ఉంటారు. న్యూకాజిల్ యునైటెడ్ జట్టులో బిల్ మెక్‌క్రాకెన్ అనే డిఫెండర్ ఉండేవాడు. ముగ్గురు ఉండాలి అన్న నియమంలో ఒక కిటుకు ఉంది. ఇద్దరు డిఫెండర్లలో ఒకడు సరైన సమయానికి నాలుగు అడుగులు ముందుకి వేస్తే చాలు, అవతలి ఫార్వర్డ్‌కి ఎదురుగా మిగిలేది ఒక డిఫెండర్, ఒక గోల్ కీపర్. ఇద్దరే. కాబట్టి ఆఫ్‌సైడ్. ఒకవేళ లెక్క తప్పినా వెనక కాపలాకి ఇంకొకడు ఉండనే ఉన్నాడు. దీన్నే ఆఫ్‌సైడ్ ట్రాప్ అంటారు, అంటే ఉచ్చు. అది చూసి మిగతా జట్లూ నేర్చుకున్నాయి. ఆట మాటిమాటికీ ఆగిపోయేది. ఆటంతా మైదానం మధ్యలో ఇరుక్కుపోయింది. గోల్స్ తగ్గాయి.

చివరికి 1925లో బోర్డు "ముగ్గురు" అన్న మాటని "ఇద్దరు" చేసింది. ఒక్క అంకె మార్చింది, అంతే. ఫలితం చూడండి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1924–25 సీజన్‌లో మొత్తం 4,700 గోల్స్ పడ్డాయి. మరుసటి సీజన్‌లో అన్నే మ్యాచుల్లో 6,373 గోల్స్ పడ్డాయి. లెక్క వేస్తే దాదాపు 36 శాతం పెరుగుదల. 1927–28లో ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ ఒక్కడే లీగ్‌లో 60 గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో ఆ రికార్డు ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

గోల్స్ పెరిగితే రక్షించేవాళ్ళు ఊరుకుంటారా? ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ మధ్యలో ఆడేవాడిని వెనక్కి లాగి ఇద్దరు డిఫెండర్ల మధ్య మూడోవాడిగా నిలబెట్టాడు. కాగితం మీద ఆటగాళ్ళ స్థానాలు గీస్తే ఇంగ్లీషు అక్షరాలు డబ్ల్యూ, ఎం లాగా కనిపిస్తాయని ఆ పద్ధతికి డబ్ల్యూ-ఎం అని పేరు వచ్చింది. చాలా ఏళ్ళు ప్రపంచమంతా ఆ పద్ధతిలోనే ఆడింది. అంటే నియమం మారితే ఆటగాడు నిలబడే చోటు కూడా మారిపోయింది.

జెండా పట్టుకున్న మనిషి

నియమం రాయడం ఒక ఎత్తు, దాన్ని అమలు చేయడం ఇంకో ఎత్తు. 1891 నుంచి రెఫరీ మైదానంలోకి వచ్చాడు, అంచుల్లో ఇద్దరు లైన్స్‌మన్లు నిలబడ్డారు. 1996 నుంచి వాళ్ళని అసిస్టెంట్ రెఫరీలు అంటున్నారు. ఆఫ్‌సైడ్ చూసి జెండా ఎత్తేది వీళ్ళే.

ఆ పని ఎంత కష్టమో ఆలోచించండి. బంతి తన్నేవాడు ముప్పై నలభై మీటర్ల దూరంలో ఒక చోట ఉంటాడు. అది అందుకోవడానికి పరిగెత్తేవాడు ఇంకో చోట ఉంటాడు. రెండు చోట్లా ఒకే క్షణంలో చూడాలి. మనిషికి రెండు కళ్ళు ఉన్నా చూపు ఒకటే. తన్నడం చూసి చూపు ఇటు తిప్పేలోపే ఫార్వర్డ్ ఒక అడుగు ముందుకి వేసేసి ఉంటాడు. అందుకే నిజాయితీగా చూసినా తప్పు జరుగుతుంది.

1990లో బోర్డు ఒక మంచి మార్పు చేసింది. చివరి నుంచి రెండో ఆటగాడితో సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదంది. అంతకుముందు సమానంగా ఉన్నా తప్పే. 2005లో ఇంకా వివరంగా చెప్పింది. తల, ఒళ్ళు, పాదాలు లెక్కలోకి వస్తాయి, చేతులు రావు. ఎందుకంటే చేత్తో గోల్ కొట్టకూడదు కదా. మంచిదే. కానీ ఇక్కడి నుంచే ఒక కొత్త సమస్యకి బీజం పడింది. "మనిషి ఎక్కడ ఉన్నాడు" అన్న ప్రశ్న "మనిషిలో ఏ భాగం ఎక్కడ ఉంది" అన్న ప్రశ్నగా మారిపోయింది. కంటితో ఆ తేడా చూడటం కష్టం. యంత్రం మాత్రమే చూడగలదు.

2010 జూన్ 27

చరిత్రలో కొన్ని తేదీలు గుర్తుపెట్టుకోవాలంటారు. ఫుట్‌బాల్‌లో ఈ తేదీ అలాంటిది. దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్ జరుగుతోంది. ఆ రోజు బ్లూమ్‌ఫాంటీన్‌లో ఇంగ్లండ్, జర్మనీ ఆడుతున్నాయి. ఇంగ్లండ్ 2-1తో వెనకబడి ఉన్నప్పుడు ఫ్రాంక్ లాంపార్డ్ తన్నిన బంతి పై కర్రకి తగిలి గోల్ గీత దాటి లోపల పడి బయటికి వచ్చింది. టీవీ చూసినవాళ్ళందరికీ కనిపించింది. రెఫరీకి కనిపించలేదు. గోల్ ఇవ్వలేదు. జర్మనీ 4-1తో గెలిచింది.

అదే రోజు జోహన్నెస్‌బర్గ్‌లో అర్జెంటీనా, మెక్సికో ఆడాయి. కార్లోస్ తెవెజ్ ఆఫ్‌సైడ్‌లో నిలబడి తలతో గోల్ కొట్టాడు. అది స్టేడియంలోని పెద్ద తెర మీద మళ్ళీ వేశారు. మెక్సికో ఆటగాళ్ళు తెర చూపించి రెఫరీ చుట్టూ మూగారు. రెఫరీ లైన్స్‌మన్ దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. కానీ వీడియో చూసి తీర్పు మార్చే అధికారం అప్పటి నియమాల్లో లేదు. గోల్ ఇచ్చేశాడు. అర్జెంటీనా 3-1తో గెలిచింది.

స్టేడియంలో వేల మందికి నిజం తెలుసు, ఇళ్ళల్లో కోట్ల మందికి తెలుసు. దాన్ని వాడుకోకూడనివాడు రెఫరీ ఒక్కడే. ఇది ఎంత విచిత్రం! రెండు రోజులకి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ ఆ రెండు దేశాలకీ క్షమాపణ చెప్పారు. 2012లో గోల్ గీత దగ్గర యంత్రం వాడటానికి బోర్డు ఒప్పుకుంది. 2014 ప్రపంచ కప్‌లో దాన్ని వాడారు.

వీడియో గది

గోల్ గీత సంగతి తేలిక. బంతి దాటిందా లేదా, అంతే. మిగతా తీర్పులకి వీడియో వాడాలంటే మనిషి కూర్చుని చూడాలి. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ సంఘం దీని మీద ముందుగా ప్రయోగాలు చేసింది. 2016 మార్చిలో బోర్డు పరీక్షలకి అనుమతి ఇచ్చింది. 2018 మార్చిలో నియమావళిలో చేర్చింది. దీన్నే వీఏఆర్ అంటారు, అంటే వీడియో అసిస్టెంట్ రెఫరీ. అప్పుడు నాలుగు విషయాల్లోనే కలగజేసుకోవాలన్నారు: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం. అది కూడా రెఫరీది స్పష్టంగా కనిపించే తప్పు అయితేనే.

2018లో రష్యా ప్రపంచ కప్‌లో 12 స్టేడియాల మ్యాచులనీ మాస్కోలోని ఒకే కేంద్రం నుంచి చూశారు. అందులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ జూన్ 27న కజాన్‌లో జరిగింది. మళ్ళీ అదే తేదీ, ఎనిమిదేళ్ళ తర్వాత! దక్షిణ కొరియా, జర్మనీ ఆడుతున్నాయి. ఆఖరి నిమిషాల్లో కిమ్ యంగ్-గ్వాన్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. వీడియోలో చూస్తే బంతి అతనికి కొరియావాడి నుంచి కాదు, జర్మనీ ఆటగాడు టోనీ క్రూస్ కాలి నుంచి వచ్చింది. అవతలి జట్టువాడు ఆడిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు. గోల్ ఇచ్చారు. కొరియా 2-0తో గెలిచింది. 2014లో కప్పు గెలిచిన జర్మనీ మొదటి దశలోనే ఇంటికి పోయింది. వీడియో లేకపోతే కొరియాకి ఆ గోల్ దక్కేది కాదు. ఇక్కడ యంత్రం చిన్న జట్టుకి న్యాయం చేసింది.

జానెడు లెక్క

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2019 ఏప్రిల్ 17న ఛాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, టోటెన్‌హామ్ ఆడాయి. ఆఖరి క్షణంలో రహీం స్టెర్లింగ్ గోల్ కొట్టాడు. సిటీ సెమీఫైనల్‌కి వెళ్ళిపోయిందని స్టేడియం అంతా పిచ్చిగా గంతులేసింది. తర్వాత వీడియోలో ఆ గోల్‌కి ముందు సెర్జియో అగువెరో కాస్త ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడని తేలింది. గోల్ పోయింది, సిటీ ఇంటికి పోయింది. నియమం ప్రకారం తీర్పు సరైనదే. కానీ ఆ రోజు నుంచి గోల్ పడితే వెంటనే సంతోషించడానికి జనం భయపడుతున్నారు.

ఇప్పుడు మనం చిన్న లెక్క చేద్దాం. మామూలు టీవీ కెమెరా సెకనుకి 50 బొమ్మలు తీస్తుందనుకోండి. వేగంగా పరిగెత్తే ఆటగాడు సెకనుకి 8 మీటర్లు పోతాడు. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య అతను 800ని 50తో భాగిస్తే 16 సెంటీమీటర్లు కదులుతాడు. డిఫెండర్ అదే వేగంతో ఎదురు దిశలో వస్తే ఇద్దరి మధ్య తేడా 32 సెంటీమీటర్లు. అంటే జానెడు కంటే ఎక్కువ. బంతిని తన్నిన అసలు క్షణం రెండు బొమ్మల మధ్య ఉంటే? అయినా తెర మీద గీతలు గీసి భుజం అంచు, బొటనవేలు అంచు అని తీర్పులు చెప్పారు. కొలిచే బద్దకే జానెడు తేడా ఉంటే దాంతో అంగుళం ఎలా కొలుస్తాం?

ఈ తప్పు తగ్గించడానికే 2022లో ఖతర్ ప్రపంచ కప్‌కి కొత్త పద్ధతి తెచ్చారు. స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులని సెకనుకి 50 సార్లు గుర్తిస్తాయి. బంతి లోపల ఉన్న సెన్సర్ సెకనుకి 500 సార్లు సమాచారం పంపుతుంది. మన లెక్క ప్రకారం తన్నిన క్షణం తేడా 16 సెంటీమీటర్ల నుంచి 1.6 సెంటీమీటర్లకి తగ్గింది. మొదటి మ్యాచ్‌లోనే, మూడో నిమిషంలో ఈక్వడార్ ఆటగాడు ఎన్నర్ వలెన్సియా కొట్టిన గోల్‌ని ఈ పద్ధతి తీసేసింది. రెండు రోజులకి సౌదీ అరేబియా డిఫెండర్లు ధైర్యంగా ముందుకి వచ్చి గీత కట్టి నిలబడ్డారు. మొదటి సగంలో అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్‌కి పోయాయి. మ్యాచ్ సౌదీ 2-1తో గెలిచింది. వందేళ్ళ కిందటి మెక్‌క్రాకెన్ ఉచ్చు మళ్ళీ పనిచేసింది, ఈసారి యంత్రం సాయంతో.

ఈ మ్యాచుల గురించి మా తాతకి చెప్పాను. ఆయన చిన్నప్పటి నుంచి మగ్గం మీద చద్దర్లు నేసిన మనిషి. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "బిడ్డా, ఆ నియమం పెట్టింది దొంగచాటుగ పోయేటోని కోసమన్నవు. మరి కంటికే కానరానంత తేడా ఉంటె వాడు దొంగ ఎట్లైతడు?" అని. నేను చదివినవాటి అన్నిటికంటే ఈ ప్రశ్న నాకు పెద్దదిగా అనిపించింది. స్నీకింగ్ అని పేరు పెట్టిన ఈటన్ పిల్లలు కాపు కాసేవాడిని ఆపాలనుకున్నారు. వాళ్ళు బొటనవేలు కొలవాలనుకోలేదు.

ఆర్సెనల్ పాత మేనేజర్ ఆర్సెన్ వెంగర్ ఇప్పుడు ఫిఫాలో పనిచేస్తున్నారు. ఫార్వర్డ్‌కీ డిఫెండర్‌కీ మధ్య ఖాళీ స్పష్టంగా కనిపిస్తేనే ఆఫ్‌సైడ్ అనాలని ఆయన సూచించారు. అలా చేసినా కొలవడానికి కొత్త అంచు ఒకటి వస్తుంది కదా అని కొందరు అంటారు. అదీ నిజమే. కానీ ఆ అంచు దగ్గర తప్పు జరిగినా, కనీసం ఒక ఒళ్ళంత ముందున్నవాడి గోల్ గురించే గొడవ ఉంటుంది, బొటనవేలంత ముందున్నవాడి గురించి కాదు.

యంత్రం ఉన్నా మనిషి ఉండాల్సిందే

2023 సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో ఇంకో రకం తప్పు జరిగింది. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. మైదానంలో ఆఫ్‌సైడ్ ఇచ్చారు. వీడియో గదిలో ఉన్నవాళ్ళు గీత గీసి అతను ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గానే తేల్చారు. కానీ మైదానంలో గోల్ ఇచ్చారనే భ్రమలో ఉండి, పరిశీలన అయిపోయింది, తీర్పు సరైనదే అన్నట్టు చెప్పేశారు. ఆట మొదలైపోయింది. మొదలయ్యాక వెనక్కి వెళ్ళడానికి నియమం ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడిపోయింది. యంత్రం తప్పు చేయలేదు. రెండు మాటల్లో తేడా వచ్చింది, అంతే.

ఇవన్నీ చూసి స్వీడన్ క్లబ్బులు 2024లో వీఏఆర్ మాకు వద్దని నిర్ణయించాయి. అక్కడ క్లబ్బుల్లో ఎక్కువ ఓట్లు సభ్యులైన అభిమానుల చేతిలో ఉంటాయి. చూసేవాళ్ళకి ఓటు ఉన్న చోట ఇలాంటి జవాబు వచ్చింది.

వీడియో లేని చోట

మరి మన సంగతి ఏంటి? 2024 జూన్ 11న దోహాలో ఇండియా, ఖతర్ ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన మన గొప్ప ఆటగాడు సునీల్ ఛెత్రి అప్పటికి అయిదు రోజుల ముందే ఇండియా జట్టు నుంచి విరమించాడు. గెలిస్తే ఇండియా మొట్టమొదటిసారి మూడో దశకి వెళ్ళేది. లాలియంజువాలా ఛాంగ్టే 37వ నిమిషంలో గోల్ కొట్టాడు. 73వ నిమిషం దాకా 1-0తో మనమే ముందున్నాం. అప్పుడు గోల్ కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ ఆపిన బంతి గోల్ పక్క నుంచి గీత దాటి బయటికి పోయింది. ఖతర్ ఆటగాడు దాన్ని బయటి నుంచి లోపలికి లాగాడు, ఇంకొకడు గోల్‌లోకి తన్నాడు. మనవాళ్ళు ఎంత మొత్తుకున్నా రెఫరీ గోల్ ఇచ్చాడు. చివరికి 2-1తో ఓడిపోయాం, మూడో దశకి వెళ్ళలేదు.

ఇది ఆఫ్‌సైడ్ కాదు, బంతి బయటికి పోయిన సంగతి. అయినా ప్రశ్న ఒకటే. ఏడాదిన్నర ముందు అదే దేశంలో 12 కెమెరాలతో బొటనవేళ్ళు కొలిచారు. ఈ మ్యాచ్‌కి వీఏఆర్ లేదు. అడుగుల్లో కనిపించే తప్పుని సరిచేసేవాళ్ళు లేరు. మన సంఘం విచారణ కోరింది, ఫలితం మారలేదు. ఆ గోల్ ఇవ్వకపోతే మనం తప్పకుండా గెలిచేవాళ్ళమని నేను అనను, ఇంకా పదిహేడు నిమిషాల ఆట ఉంది. కానీ ఆ పదిహేడు నిమిషాలు 1-0తో ఆడే హక్కు మనకి ఉండింది.

మా స్కూళ్ళ మధ్య జరిగే టోర్నమెంట్లలో పరిస్థితి ఇంకా తెలిసిందే. మట్టి గ్రౌండు, సున్నంతో గీసిన గీతలు, సగం ఆట అయ్యేసరికి ఆ గీతలు చెరిగిపోతాయి. విజిల్ పట్టుకున్న సారు ఒక్కరే. లైన్స్‌మన్లు ఉండరు. పోయిన ఏడాది ఒక మ్యాచ్‌లో మా జట్టు గోల్‌ని ఆఫ్‌సైడ్ అన్నారు. సారు గ్రౌండు మధ్యలో ఉన్నారు, ఆయనకి అక్కడి నుంచి గీత కనిపించే అవకాశమే లేదు. ఎందుకు ఆఫ్‌సైడ్ అని మా కెప్టెన్ మర్యాదగా అడిగితే జవాబు రాలేదు. ఓడిపోయినందుకు కాదు, జవాబు రానందుకు మాకు ఎక్కువ బాధేసింది.

నా అభిప్రాయం

ఈ చరిత్ర చదివాక నాకు మూడు విషయాలు అర్థమయ్యాయి.

మొదటిది, ఆఫ్‌సైడ్ నియమం రాతి మీద చెక్కింది కాదు. 1866, 1907, 1925, 1990, 2005లో మార్చారు. ప్రతిసారీ ఎక్కువగా ఫార్వర్డ్‌కి లాభం కలిగేలా, ఆట ముందుకి సాగేలా మార్చారు. కాబట్టి యంత్రం వచ్చిందని నియమాన్ని ఇంకా బిగించడం ఆ చరిత్రకి ఎదురు పోవడమే. కొలతలో తేడా ఎంత ఉందో అంత మేర ఫార్వర్డ్‌కి వదిలేయాలి.

రెండోది, ఒకే టోర్నమెంట్ దారిలో ఆడే జట్లన్నిటికీ ఒకే సౌకర్యం ఉండాలి. ప్రపంచ కప్‌లో వీడియో ఉండి, ప్రపంచ కప్‌కి పోయే దారిలో లేకపోతే నష్టపోయేది ఎప్పుడూ మనలాంటి దేశాలే. డబ్బు లేదంటే తక్కువ ఖర్చు పద్ధతులు కూడా ఉన్నాయి. 2024లో కొలంబియాలో జరిగిన 20 ఏళ్ళ లోపు అమ్మాయిల ప్రపంచ కప్‌లో ఫిఫా ఒక పద్ధతి వాడింది. వీడియో గదిలో ప్రత్యేకంగా రెఫరీలు అక్కర్లేదు. కోచ్ అడిగితే రెఫరీ తనే వెళ్ళి తెర మీద చూస్తాడు. క్రికెట్‌లో జట్టు రివ్యూ అడిగినట్టే. ఇలాంటిది మన దేశంలో కూడా పెట్టవచ్చు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, దీనికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు. తీర్పు ఇచ్చినవాళ్ళు కారణం చెప్పాలి. 2023 మహిళల ప్రపంచ కప్‌లో వీడియో చూశాక రెఫరీ మైకులో స్టేడియం అంతటికీ తీర్పు వినిపించింది. మన గ్రౌండులో మైకు లేకపోయినా నోరు ఉంది కదా. స్కూలు మ్యాచులకి ప్రతి జట్టు నుంచి కాకుండా ఆడని మూడో స్కూలు నుంచి ఇద్దరు పిల్లలకి జెండాలిచ్చి అంచున నిలబెడితే సగం గొడవలు తగ్గుతాయి. 1891లో ఇంగ్లండ్‌వాళ్ళు చేసింది అదే. మనం ఇంకా అక్కడికి కూడా రాలేదు.

మనిషి కన్ను తప్పు చేస్తుంది, యంత్రం కూడా దాని హద్దులోనే చూస్తుంది. ఓడిపోయినవాడు ఆ రెండూ ఒప్పుకుంటాడు. నన్ను సరిగ్గా చూశారు, అడిగితే జవాబు చెప్పారు అన్న నమ్మకం ఉంటే ఓటమిని కూడా తీసుకుని ఇంటికి పోతాడు. నూట అరవై ఏళ్ళుగా ఆ గీతని అటూ ఇటూ జరుపుతున్నది ఆ నమ్మకం కోసమేనని నేను అనుకుంటున్నాను.